తపాలా పెట్టె మీద రెండో పేరు

మా అక్కకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. అక్కంటే తోడబుట్టింది కాదు, తోడికోడలు. మా బావగారు పోయాక, మేం రమ్మని పోరితే సరిహద్దు దాటి మా దగ్గరికి వచ్చింది. కాస్త ఊపిరి పీల్చుకోకుండానే బట్టలు సరిచేసే దుకాణంలో పని చూసుకుంది. భాష రాదు కదక్కా అంటే, "చిరిగిన ప్యాంటు ఏ భాషలో మాట్లాడుతుందే?" అంది.

ఇక్కడ జీతం చేతికివ్వరు, బ్యాంకులో వేస్తారు. నెలాఖరులోగా ఖాతా చూపించకపోతే ఆ కుట్టుమిషను ఇంకొకరికి ఇచ్చేస్తానని దుకాణం యజమానురాలు ముందే చెప్పింది. బ్యాంకుకి వెళ్తే, పని ఉన్నట్టు కాగితం తెమ్మన్నారు. యజమానురాలేమో ఖాతా ఉంటేనే కాగితం అంది. పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు! నేనైతే ఏడ్చుకుంటూ ఇంటికొచ్చేదాన్ని. అక్క మాత్రం యజమానురాలి చెయ్యి పట్టుకుని వీధి దాటించి, బ్యాంకులో బల్ల ముందు కూర్చోబెట్టి, "ఇద్దరూ తేల్చుకోండమ్మా" అంది, తెలుగులోనే. దాన్ని కాస్త మర్యాదగా వాళ్ళ భాషలోకి మార్చడం నా వంతయింది. బల్ల అవతలి ఆమె నవ్వాపుకోలేక దరఖాస్తు తీసింది.

ఇంత గొడవెందుకని మా ఆయన మొదటి నుంచీ అంటూనే ఉన్నారు. "వదినా, నా ఖాతా ఉంది కదా, నీ జీతం అందులో వేయించు. మనమంతా ఒకటి కాదూ?" నేను బడిలో గదులు తుడిచే జీతం కూడా అందులోనే పడేది. నాకెప్పుడూ అదొక లోటుగా తోచలేదు. అక్క మాత్రం, "ఒకటే బాబూ, అయినా నాకొకటి ఉండనీ" అని ఊరుకుంది.

కార్డు పోస్టులో వస్తుందన్నారు. రోజూ పని నుంచి రాగానే అక్క కింద మెట్ల దగ్గర మా పోస్టు డబ్బా తెరిచి చూసేది. కరెంటు బిల్లులు, పిజ్జా కాగితాలు తప్ప ఏమీ లేవు. చివరికి బ్యాంకుకి వెళ్ళి అడిగితే, ఆ చిరునామాలో అలాంటి మనిషి లేదని పోస్టువాళ్ళు కార్డు తిప్పి పంపారని చెప్పారు. ఇంకోసారి పంపుతాం, అదీ తిరిగొస్తే ఖాతా మూసేస్తాం అన్నారు.

మనిషి నిక్షేపంలా ఉంది, లేదంటారేంటని నేను అక్కడే చిందులు తొక్కాను. తీరా చూస్తే తప్పు మాదే. ఈ దేశంలో డబ్బా మీద పేరుంటేనే ఉత్తరం వేస్తారు. మా డబ్బా మీద మా ఆయన పేరొక్కటే ఉంది. ఇంటిపెద్ద పేరుంటే ఇంటిల్లిపాదీ ఉన్నట్టేనని మేమంతా అనుకున్నాం. మనవాళ్ళకి తప్ప ఇంకెవరికైనా అలా తోస్తుందా!

ఆ సాయంత్రమే అక్క కాగితం మీద నాచేత తన పేరు రాయించి డబ్బాకి అంటించింది. పొద్దున్నకి అది లేదు. మళ్ళీ అంటించింది. మళ్ళీ లేదు. ఏ పిల్లాడో పీకేస్తున్నాడనుకున్నాను. అక్కకి ఎప్పుడు తెలిసిందో గాని, అన్నాలు తింటున్నప్పుడు గొంతు తగ్గించి, "ఎందుకు పీకుతున్నావు బాబూ?" అని మా ఆయన్ని అడిగింది.

ఆయన ముద్ద కంచంలో పెట్టేశారు. "ఈ మెట్లెక్కి దిగేవాళ్ళలో మనవాళ్ళు నలుగురున్నారు వదినా. రెండు పేర్లు చూస్తే ఏమనుకుంటారు? అన్న పోగానే వదినని వేరు పెట్టేశాడనుకోరూ?"

"వేరుపడాలంటే వేరే పొయ్యి కావాలి. ఆ డబ్బాలో పొయ్యి పడుతుందా?"

నాకు నవ్వు పొంగుకొచ్చింది గాని, అక్క నవ్వలేదు. "నేను కుట్టిన డబ్బంతా మీ అన్న ఖాతాలో వేసేదాన్ని. ఆయన పోయాక దాని కోసం బ్యాంకులో, నేనెవరో రుజువు చేసుకోమన్నారు. ఎన్నిసార్లు తిప్పారో నీకు తెలుసు. అప్పుడొచ్చి పక్కన నిలబడ్డది నువ్వే కదా."

అక్క చెయ్యి కడుక్కుని, తెల్లగుడ్డ పీలిక ఒకటి తీసి, పాస్‌పోర్టు ముందు పెట్టుకుని, అందులోని అక్షరాలు చూసి నల్లదారంతో పేరు కుట్టడం మొదలుపెట్టింది. ఒక్కటీ చదవలేదు, ఒక్కటీ వంకర పోలేదు. పొద్దున్న జిగురు సీసాతో కిందికి దిగుతుంటే ఆయనా వెంట దిగారు. గుడ్డ అంటుకునేదాకా బొటనవేలితో అదిమి పట్టుకున్నది ఆయనే. మనవాళ్ళలో ఒకామె మెట్లు దిగుతూ చూసి, "ఏంటీ, రెండు పేర్లు?" అంది. "మా వదినది" అన్నారాయన. నా మొగుడి మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ పుట్టలేదు.

నెలాఖరు ఇంకా రాకముందే కార్డొచ్చింది. ఇంటికొచ్చే ఉత్తరాలన్నీ చించి చదివేది ఆయనే. ఆ కవరు మాత్రం చించకుండా తెచ్చి అక్క చేతిలో పెట్టారు. అక్క కార్డు మీద తన పేరుని వేలితో తడిమి, అది పట్టుకుని లేచి దుకాణానికి వెళ్ళింది. ఇలాంటి మనిషి నాకు తోడికోడలైనందుకు ఆ రోజంతా గర్వంగా తిరిగాను.

రాత్రి అక్క ఏదో అంచు మడుస్తుంటే పక్కన కూర్చున్నాను. ఆయన ఎదురుగానే ఉన్నారు. ఉన్నా సరే అడిగేశాను.

"అక్కా, ఆ డబ్బా మీద ఇంకో పేరుకి చోటుంటుందా?"

అక్క నావైపు గాని, ఆయనవైపు గాని చూడలేదు. గుడ్డ పీలిక చించి, సూదిలో దారం ఎక్కించి, "చెప్పు, ఎలా కుట్టమంటావు?" అంది.

ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగని మాట అది. ఒక్కో అక్షరమే గీసి చూపిస్తూ చెప్పాను.