జిలేబి కోసం లడ్డూ పాట

2023, వినాయక నవరాత్రులు. శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టుకు వెళ్లే రోడ్డు మీద నా పెట్ క్లినిక్. మాది ఒంగోలు వైపు. పెళ్లయ్యాక ఇటు వచ్చి స్థిరపడ్డాను. నా దగ్గరికి వచ్చేవాటిలో కొన్ని విమానం ఎక్కబోయే కుక్కలు, వాటికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాసివ్వాలి. మిగతావి ఎవరివీ కాని వీధికుక్కలు. క్లినిక్ నడిచేది మొదటి రకంతో, నాకు ప్రాణం మాత్రం రెండో రకం.

జిలేబి రెండో రకం. క్యాబ్ డ్రైవర్ల పార్కింగులో పుట్టి పెరిగింది. తోక చుట్ట తిరిగి ఉంటుందని అక్కడి టీ బండి ఖాజా భాయ్ ఆ పేరు పెట్టాడు. ఓ పొద్దున నర్సింహ అనే డ్రైవరు దాన్ని దుప్పట్లో చుట్టి మోసుకొచ్చాడు. నలభై దాటిన మనిషి, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"నా బండే మేడం. రివర్స్ తీస్తున్న, ఎనక పండుకున్నది సూడలే. ఇగ లేస్తలేదు."

వెనక కాళ్లు రెండూ చచ్చుబడ్డాయి. ఎక్స్‌రేలో చూస్తే వెన్నుపూస ఒకటి విరిగి పక్కకు జరిగింది. ఇలాంటప్పుడు మేం ముందు చూసేది డీప్ పెయిన్. వెనక కాలి వేలిని ఫోర్సెప్స్‌తో గట్టిగా నొక్కుతాం. నొప్పి తెలిసిందంటే వెన్నుపాములో ఇంకా ప్రాణం ఉన్నట్టు. నొక్కాను. జిలేబి గిర్రున తల తిప్పి నా చెయ్యి కరవబోయింది. సంతోషం పట్టలేక నేను చప్పట్లు కొట్టాను. ఈ డాక్టరమ్మకు మతి పోయిందనుకున్నాడేమో, నర్సింహ ఏడుపు ఆపి నన్నే చూశాడు.

"కరవబోయిందంటే ఆశ ఉన్నట్టే నర్సింహ గారూ. ఇది మళ్లీ నడవచ్చు" అన్నాను.

అయితే ఆ నొప్పి తెలియడం ఏ క్షణాన ఆగిపోతుందో చెప్పలేం. ఆగిపోతే ఇక కాళ్లు రానట్టే. ఆలోగా విరిగిన ఎముకను ఇంప్లాంట్‌తో, అంటే స్టీలు ప్లేటు, స్క్రూలతో బిగించాలి. సిటీలో నాకు తెలిసిన సర్జన్ ఫీజు వద్దన్నాడు. ఇంప్లాంట్ అమ్మేవాళ్లు మాత్రం డబ్బు ముట్టాకే పెట్టె పంపుతారు. స్కాన్, మత్తుమందు ఖర్చు వేరే. అంతా విన్నాక నర్సింహ ముఖంలో నెత్తురుచుక్క లేదు. కారు ఈఎంఐకే కిందామీదా పడే మనిషి.

మర్నాడు పార్కింగులో పెట్టిన గణపతికి నిమజ్జనం. అంతకుముందు లడ్డూ వేలం పాట ఉంటుంది. ఈసారి పాట డబ్బంతా జిలేబికే అని డ్రైవర్లు తీర్మానించుకున్నారు. లడ్డూ లక్షలు పలికే బాలాపూర్‌కు ఇంత దగ్గర్లో ఉన్నవాళ్లకు లడ్డూ పాటంటే పూనకమే. నన్నూ రమ్మన్నారు, వెళ్లాను. ఎవరెంత పెంచినా నర్సింహ దాని మీద పెంచుతూ పోయాడు. చివరికి ఆపరేషన్‌కు కావలసినదానికన్నా ఎక్కువకే దక్కించుకున్నాడు. డప్పులు మోగాయి, నా చీరంతా గులాల్. ఆ ఊపులో అక్కడి నుంచే సర్జన్‌కు ఫోన్ చేసి మర్నాడు పొద్దున్నకు ఆపరేషన్ ఖాయం చేసేశాను.

"ఇంప్లాంట్ వాళ్లకు డబ్బు ఇప్పుడే పంపిద్దామా?" అన్నాను.

నర్సింహ అర్థం కానట్టు చూశాడు. "ఇప్పుడేంది మేడం? లడ్డూ పైసలు వచ్చే చవితికి గద కట్టేది."

వాళ్ల మండపంలో అదే ఆచారమట. లడ్డూ ఇంటికి తీసుకెళ్తే ఏడాదంతా కలిసొస్తుంది, ఆ కలిసొచ్చినదాంట్లోంచి వచ్చే పండక్కి కడతారు. ఎప్పుడూ అలాగే జరుగుతుంది కాబట్టి డబ్బు ఈ రోజే కావాలన్నది వాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. డప్పులు ఆగిపోయాయి. నాకు ఒళ్లు మండింది. "వచ్చే చవితి దాకా దాని వెన్నుపాము ఆగుతుందా?" అని అందరి ముందూ కేకలేశాను. నర్సింహ లడ్డూ పళ్లెం పట్టుకుని తల దించుకున్నాడు.

ఖాజా భాయ్ స్టవ్ తగ్గించి ఇవతలికి వచ్చాడు. "లడ్డూ ఇప్పుడు నీదే గద నర్సింహ భాయ్. పలగ్గొట్టు. ట్రిప్ పోయే ప్రతి బండిల జర జర పెట్టు."

"ప్రసాదం అమ్ముతరా భాయ్? పాపం గాదా?"

"అమ్ముమని ఎవరన్నరు? ఉత్తగనే పెట్టు. తింటుంటే జిలేబి ముచ్చట చెప్పు. మనసున్నోళ్లు నా స్కానర్‌కు కొడ్తరు, లేనోళ్లు తిని పోతరు. గంతే."

లడ్డూ ముక్కలు పొట్లాలయ్యాయి, బండ్లు కదిలాయి. ఖాజా భాయ్ టీ బండి మీద, డబ్బు జమైనప్పుడల్లా పైకి చదివి చెప్పే సౌండ్ బాక్స్ ఉంది. అందరం దాని చుట్టూ చేరాం. చాలాసేపు అది నోరు విప్పలేదు. ఇక లాభం లేదని నేను చెప్పులు వేసుకుంటుంటే ఒక్కసారి పలికింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత ఆగలేదు. మెహదీపట్నం వెళ్లిన డ్రైవరు ఫోన్ చేసి, "మా కస్టమర్ దిగినంక ఎన్కకొచ్చి మల్ల కొట్టిండు, అందినయా?" అని అడిగాడు. ఎయిర్‌పోర్టులో దింపిన ఒకావిడ విమానంలో సీటు బెల్టు పెట్టుకుంటూ పంపిందట. బాక్స్ పలికినప్పుడల్లా ఈలలు. నాకు ఈల వేయడం రాదు, అయినా వేశాను. పొద్దు గుంకకముందే ఇంప్లాంట్ వాళ్లకు డబ్బు ముట్టింది.

ఆపరేషన్ బాగా జరిగింది. కాళ్లు పడిపోయిన కుక్క తనంతట తాను మూత్రం పోయలేకపోతుంది, పొట్ట కింద మెల్లగా నొక్కి పోయించాలి. ఆ పని నర్సింహ నేర్చుకుని ట్రిప్పుకూ ట్రిప్పుకూ మధ్య వచ్చి చేసేవాడు. కొన్ని వారాలకు, ఆయన గుమ్మంలో కనబడగానే జిలేబి నాలుగు కాళ్ల మీద లేచి ఊగుతూ ఎదురెళ్లింది. నడక వంకరే, ఇప్పటికీ వంకరే. అయినా నడకే. నర్సింహ అక్కడే గుమ్మంలో కూలబడి దాన్ని ఒళ్లోకి తీసుకున్నాడు.

మరుసటి ఏడాది చవితి ముందు ఆయన క్లినిక్‌కు వచ్చి బల్ల మీద ఓ కవరు పెట్టాడు.

"లడ్డూ పైసలు మేడం."

"ఆపరేషన్‌కు వచ్చిన డబ్బులు అప్పుడే సరిపోయాయి కదా. మీ కమిటీ కూడా అడగదు."

"అవి జనం ఇచ్చినయి మేడం. నేను పాడినయి ఇవి."

ఇప్పుడు ఏ కుక్క కోసం ఎవరిని సాయమడిగినా, ఎంత కావాలో చెప్పేముందు ఎప్పటిలోగా కావాలో చెబుతాను. ఆ కేసు నేర్పిన పాఠం అది. ఏడాది తర్వాత కడతానన్న మాట మీద ఒక మండపం ఎందుకు నిశ్చింతగా నడుస్తుందో మాత్రం ఆ కవరు చూశాకే అర్థమైంది. ఆ రోజు పక్క గదిలో హిమాయత్ సాగర్ నుంచి వచ్చిన కుక్కపిల్ల ఉంది, తొడ ఎముక విరిగి, ఖర్చు భరించేవాళ్లెవరూ లేక. మర్నాడే ఆ కవరులోని డబ్బుతో దానికి ఆపరేషన్ చేశాం.