ఎదురుగోడ రంగు

ఆ ఇంట్లో కిటికీ ఒక్కటే. ఇల్లు కట్టినవాడు మిగతా గోడల సంగతి మరిచిపోయాడో, పక్కింటివాళ్లు కిటికీలు పెట్టనివ్వలేదో తెలియదు గానీ, ముందుగదికి వీధివైపున్న ఆ ఒక్క కిటికీలోంచే గాలీ వెలుగూ రెండూ రావాలి. ఆ కిటికీ కిందే వడ్రంగి మంచం. ఏళ్ల తరబడి పీల్చిన రంపపుపొట్టు అతని ఊపిరితిత్తుల్లో పేరుకుపోయింది. నాలుగు మాటలు మాట్లాడితే ఐదో మాటకు దగ్గు అడ్డం పడేది. ఊచల దగ్గరగా ముఖం పెట్టుకుని పడుకుంటే కాస్త తెరిపి.

అతని భార్యను వీధిలో అందరూ రంగులక్క అంటారు. పెళ్లైన కొత్తలో ఒక ఫోటో స్టూడియోలో పనికి కుదిరి, నలుపు తెలుపు ఫోటోలకు చేత్తో రంగులద్దడం నేర్చుకుంది. దూది చుట్టిన పుల్లతో బుగ్గల మీద రంగు పాముతుంటే చూసేవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లట. కాలం మారింది, రంగుల ఫోటోలు వచ్చాయి, చివరికి స్టూడియో మూతపడింది. ఆ రోజు యజమాని ఆమె వాడిన రంగుల గొట్టాలూ కుంచెలూ ఒక అట్టపెట్టెలో సర్ది, “ఇవి ఇంకెవరి చేతికీ నప్పవమ్మా, నువ్వే ఉంచుకో” అని ఇచ్చాడు. ఆమె ఆ పెట్టెను పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు గుండెలకు ఆనించుకుని ఇంటికి తెచ్చుకుంది. వాళ్లకు పిల్లలు లేరు.

పాత ఫోటోలకు చేతిరంగే కావాలనేవాళ్లు ఇంకా కొందరు మిగిలి ఉన్నారు. వాళ్లు ఇంటికే వచ్చేవాళ్లు. కానీ పని చేసుకోవడానికి చోటేది? వంటగదిలో పొయ్యి పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఒకసారి మసి నలుసు ఎగిరొచ్చి ఒక పెళ్లికొడుకు బుగ్గ మీద తడిరంగులో అతుక్కుపోయింది. ఆ అబ్బాయి ఫోటో చూసుకుని, “ఈ పుట్టుమచ్చ నాకెప్పుడు పుట్టిందండీ?” అని అమాయకంగా అడిగాడు. ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనయింది. ఈ సంగతి విని వడ్రంగి దగ్గొచ్చేదాకా నవ్వాడు. దగ్గు తగ్గాక మాత్రం నవ్వలేదు.

“ఇదిగో, ఈ కిటికీ నువ్వు తీసుకో” అన్నాడు.

“కిటికీ ఏమన్నా గిన్నెనా, తీసుకోవడానికి? మరి మీకు గాలో?”

“లోపలిగదిలో గాలి లేదా ఏంటి? ఉన్న గాలే నేను పూర్తిగా పీల్చలేకపోతున్నా. సగం మిగిలిపోతోంది.”

“ఇలాంటి మాటలంటే నేను ఊరుకోను.”

“ఊరుకోకు. కానీ మంచం మాత్రం జరుపు.”

మంచం జరపడానికి ఎదురింటి దర్జీ వచ్చాడు. ఆ వీధిలో ఎవరింట్లో ఏ బరువు ఎత్తాలన్నా, పిలవకముందే వచ్చే మనిషి. ఆమెను అక్కా అంటాడు, వడ్రంగిని బావా అంటాడు. ఆ వరస ఎలా కలిసిందో ఎవరికీ గుర్తులేదు. మంచం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. అడ్డంగా తిప్పారు, నిలువుగా ఎత్తారు. లాభం లేకపోయింది.

“బావా, ఇంత పనివాడివి, గుమ్మం కొలుచుకోలేదా?”

“గుమ్మమూ కొలిచా, మంచమూ కొలిచా. రెండూ ఒకదాంట్లోంచి ఒకటి దూరతాయా అని ఎవడు చూస్తాడ్రా? ఈ గదిలోనే బిగించా. దీనికి బయట పనేముంటుంది అనుకున్నా.”

ముగ్గురూ నవ్వారు. చివరికి మంచం విప్పక తప్పలేదు. విప్పిన చెక్కలను చూసి వడ్రంగి గోడకు ఆనుకుని కూర్చుని, కళ్లు చిన్నవి చేసుకుని కాసేపు ఆలోచించాడు. మళ్లీ మంచంగా బిగించవద్దన్నాడు. లోపలిగదిలో తనకు నేల మీద పరుపు చాలునట. ఈ చెక్కలతో ఆమెకు వాలుబల్ల చేయాలట. తను చెబుతుంటే దర్జీ మేకులు కొట్టాడు. గుడ్డ కుట్టేవాడి చేతికి సుత్తి లొంగలేదు. “సూది అనుకుంటున్నావా? గట్టిగా కొట్టు” అని వడ్రంగి తిట్టినప్పుడల్లా ఆమె లోపలికెళ్లి ముఖం తుడుచుకుని వచ్చేది.

అలా ఆమెకొక పనిగది అమరింది. కిటికీ కింద వాలుబల్ల. ఎడమపక్క గోడకు పాత తలుపురెక్కతో చేసిన అర, దాని మీద వరసగా రంగులు. కుంచెలు నిలబెట్టడానికి గొట్టం ముక్కలు. తడి ఫోటోలు ఆరడానికి మూలనుంచి మూలకు తాడు, దానికి దర్జీ ఇచ్చిన క్లిప్పులు. మొదటిరోజు పొద్దున ఆమె బల్ల ముందు కూర్చుని, దేవుడికి దండం పెట్టుకుని, రెండు చేతులూ చెక్క మీద పరిచింది. అతను ఇన్నేళ్లూ పడుకున్న చోటు నున్నగా, కొంచెం పల్లంగా ఉంది. లోపలినుంచి దగ్గు వినిపించింది. ఆమె కుంచె తీసుకుంది.

ఒక్కటే లోటు. కిటికీకి ఎదురుగా, ఆ ఇరుకు వీధికి అవతలే దర్జీ ఇంటి పక్కగోడ. వానలకు నాని నల్లగా పాచిపట్టి ఉండేది. అది ఆమె నోరు తెరిచి అనలేదు. దర్జీయే గమనించాడు. ఒకరోజు ఎక్కడో మిగిలిన రంగుడబ్బా తెచ్చుకుని, నిచ్చెన వేసుకుని, గోడంతా గీకి లేతాకు పచ్చ వేసేశాడు.

“కళ్లకు చల్లగా ఉంటుందక్కా. రోజంతా చిన్న చిన్న గీతలు చూస్తావు కదా.”

“నీ కడుపు చల్లగుండ తమ్ముడూ” అంది ఆమె మనస్ఫూర్తిగా. ఆ పచ్చటి వెలుగు గదిలోకి పరుచుకుంటే నిజంగానే ప్రాణం హాయిగా అనిపించింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు వీధి మొదట్లో ఇస్త్రీ చేసే ఆమె వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. గుప్పిట తెరిస్తే అందులో బడి కార్డు నుంచి ఊడదీసిన చిన్న నలుపు తెలుపు ఫోటో. ఆమె పాప. కిందటి చలికాలం జ్వరంతో పోయింది. అందరూ బుల్లి అని పిలిచేవాళ్లు.

“అక్కా, దీన్ని పెద్దది చేయించి రంగులు వెయ్యాలి. నాకున్నది ఇదొక్కటే.”

“వేస్తానమ్మా. కూర్చో. ఒళ్లు ఏ రంగు?”

“చామనఛాయ. నా చేయి చూడు, దీనికంటే ఒక పిసరు తెలుపు.” చేయి చాపింది, దాని నిండా ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చలు. “ఒక్కటి చెబుతా, కోపం చేసుకోకు. చివరి రోజుల్లో జ్వరానికి ముఖం నిప్పులా అయిపోయిందక్కా. ఇప్పుడు కళ్లు మూస్తే అదే కనిపిస్తోంది. దాని అసలు ముఖం నాకు గుర్తు రావట్లేదు. కన్నతల్లిని, నాకే గుర్తు రావట్లేదు. నాకు ఆ మామూలు ముఖం కావాలి” అంది.

రంగులక్క ఆమె చేయి పట్టుకుంది.

పెద్దది చేయించిన ఫోటోను బల్ల మీద బిగించి పని మొదలుపెట్టింది. గౌను, రిబ్బను, జుట్టు చకచకా కుదిరాయి. ముఖమే కుదరలేదు. ఎన్నిసార్లు అద్దినా చర్మం పాలిపోయి, జబ్బుపిల్లలా ఉంది. పిసరంత ఎరుపు కలిపింది. ఇంకా పాలిపోయే ఉంది. మరికాస్త కలిపింది. ఇన్నేళ్ల చేతివాటం ఏమైందో అని బెంగపడింది, కళ్లు మందగించాయేమో అనుకుంది. ఎట్టకేలకు ఒక మధ్యాహ్నం ఆ ముఖంలోకి ప్రాణం వచ్చినట్టయింది. పాప నవ్వబోతున్నట్టుంది. ఆమె ఆనందంతో ఫోటో పట్టుకుని లోపలిగదికి పరిగెత్తింది.

వడ్రంగి అప్పటికి బాగా నీరసించాడు. గాలి ఆడని ఆ గదిలో బల్బు కింద ఫోటోను చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు.

“బాగుంది” అన్నాడు.

ఫోటోను గుడ్డలో చుట్టి ఆమె ఇస్త్రీబండి దగ్గరకు వెళ్లింది. ఎండ విరగకాస్తోంది. బండి మీద మడతల పక్కన పెట్టి గుడ్డ విప్పింది.

ఇస్త్రీ ఆమె చూసింది. రెండు చేతులూ వెనక్కి తీసుకుంది, కాలినట్టు. రంగులక్క కూడా అప్పుడే చూసింది. పట్టపగటి వెలుతురులో పాప ముఖం కణకణలాడుతోంది. బుగ్గలు, నుదురు, చెవులు, అంతా జ్వరం.

“ఇది ఆ రోజు ముఖమక్కా” అంది ఇస్త్రీ ఆమె మెల్లగా. “ఆఖరి రోజుది.”

కోప్పడలేదు, ఏడవలేదు. ఇస్త్రీ చేసిన తెల్లదుప్పటి ఒకటి తీసి ఫోటో మీద కప్పింది. బండి పట్టుకుని నిలబడ్డ రంగులక్కను చూసి, “ఎండన పడి వచ్చావు, కూర్చో” అని కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది.

ఫోటోను ఆ దుప్పటితోనే ఇంటికి తెచ్చి, ఆమె బల్ల ముందు నిలబడింది. తెల్లటి దూదిపింజ ఒకటి తీసి కిటికీ దగ్గర పెట్టింది. దూది పచ్చగా ఉంది. గదంతా పచ్చగా ఉంది. ఎదురుగోడ పచ్చదనాన్ని చంపడానికి తను రోజూ ఎరుపు పోస్తూ పోయింది.

లోపలికెళ్లి భర్త పక్కన కూలబడింది.

“మీకు కనిపించలేదా?”

“కనిపించింది.”

“మరి?”

“బల్బు వెలుతురేమో అనుకున్నా. లేదు, అలా అనుకోలేదు. ఎరుపెక్కువైందని తెలుసు. నీ ముఖం చూసి చెప్పలేకపోయా.”

“మీ ఊపిరి తీసి నాకా కిటికీ ఇచ్చారు. ఒక్క మాట ఇవ్వలేకపోయారా?” అంది. అంటూనే ఏడ్చింది. పెళ్లైనప్పటినుంచి అతన్ని అంత మాట అనలేదు. అతను ఆమె తల మీద చేయి వేయబోయాడు. చేయి సగంలోనే అలసిపోయింది.

దర్జీకి చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు. పాపం, ఎంత ప్రేమగా వేశాడు. సాయంత్రం పలకరించడానికి వచ్చినప్పుడు వడ్రంగే చెప్పాడు.

“ఒరేయ్, నీ గోడ మా ఆవిడ ఫోటోలకి జ్వరం తెప్పిస్తోందిరా.”

సంగతంతా విన్నాక దర్జీ ముఖం చిన్నబోయింది. “మంచి చేశాననుకున్నా బావా” అన్నాడు. మర్నాడు తెల్లవారేసరికి కుట్టుమిషన్ మూసేసి, సున్నం బకెట్టు పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. ఒక పూత మీద ఇంకో పూత. కిందికి దిగి చూసి, మళ్లీ ఎక్కాడు.

గదిలోకి తెల్లటి వెలుగు వచ్చింది. కానీ ఆమె బల్ల దగ్గర కూర్చోలేదు. దర్జీని పిలిచి మేకులు తీయించింది. ఆ చెక్కలను మళ్లీ మంచంగా బిగించారు, అదే కిటికీ కింద. వడ్రంగిని ఎత్తుకొచ్చి పడుకోబెట్టారు. అతని ఒళ్లు మడతపెట్టిన దుప్పటంత తేలిగ్గా ఉంది. వద్దు వద్దంటూనే ఊచల వైపు ముఖం తిప్పుకుని, దాహం వేసినవాడు నీళ్లు తాగినట్టు గాలి తాగాడు.

ఆమె కింద కూర్చుని ఫోటోను మంచం పట్టెకు ఆనించింది. దూదిని టర్పెంటైన్‌లో ముంచి పాప ముఖం తుడిచింది. ఎరుపంతా దూదిలోకి వచ్చేసింది. కింద బూడిదరంగు ముఖం మిగిలింది. ఆ ముఖాన్ని అలా తుడుస్తుంటే ఆమెకు చేతులాడలేదు. “దేవుడా, నా చెయ్యి పట్టుకో” అనుకుంటూ తుడిచింది.

మళ్లీ మొదటినుంచి అద్దింది. అద్దినప్పుడల్లా తల ఎత్తి అడిగేది.

“ఎలా ఉంది? నిజం చెప్పండి.”

“నుదురు బాగుంది. బుగ్గ మీద రంగు ఇంకా ముదురుగా ఉంది.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు నయం. గడ్డం దగ్గర చూడు.”

వాళ్లిద్దరూ జీవితంలో అంత మాట్లాడుకున్నది లేదేమో. ఒక్కో మాటకూ అతను ఎంతసేపు ఆగాల్సి వచ్చినా ఆమె కుంచె ఎత్తి ఎదురుచూసేది. ఒక రోజు పొద్దున, “చెవి కింద ఇంకా ఎరుపుంది” అన్నాడు. ఆమె దూది తీసుకుని అక్కడ తగ్గించి, “ఇప్పుడు?” అంది. సమాధానం రాలేదు. అతను కిటికీ వైపే చూస్తున్నాడు. ఎదురుగోడ తెల్లగా వెలుగుతోంది.

కొన్నాళ్ల తర్వాత దర్జీ వచ్చి గుమ్మంలో తచ్చాడాడు. “అక్కా, చెక్కలు మళ్లీ బల్ల చేయనా?”

“చెయ్యి తమ్ముడూ. ఆయన చెప్పినట్టే, కొంచెం వాలుగా.”

ఈసారి మేకులు గట్టిగా దిగాయి. తిట్టేవాళ్లు లేరు.

చెవి కింద ఎరుపు సరిపోయిందో లేదో ఇక ఆమెకు చెప్పేవాళ్లూ లేరు. చేయి పెట్టబోయి, తీసేసింది. ఫోటోను తెల్లదుప్పటిలోనే చుట్టుకుని ఇస్త్రీబండి దగ్గరకు వెళ్లింది. ఇస్త్రీ ఆమె పెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, తనే గుడ్డ విప్పింది. చూస్తూనే ఉండిపోయింది. వీధిలో మనుషులు పోతున్నారు, వస్తున్నారు. చివరికి వేలితో పాప చెవి కింద తాకింది.

“ఇక్కడ కొంచెం ఎర్రగా ఉంది.”

రంగులక్క చేయి చాపింది. “తుడిచేస్తానమ్మా, ఇవ్వు. ఇప్పుడే...”

“వద్దు, ఉండనీ.” ఫోటోను దగ్గరకు లాక్కుంది. “ఎండలో ఆడుకుని వస్తే ఇక్కడ ఇలాగే ఉండేది. నేనే మరిచిపోయా.”