కొక్కేనికి మిగిలిన బిళ్ల

ధర్మపురిలో టీచరుగా ఉన్న ఎనిమిదేళ్లూ నేనొక్క కథా రాయలేదు. మా బాపు ఆరోగ్యం చెడి ఆయన గని ఉద్యోగం నాకు రావడంతో, శ్రీరాంపూర్ దగ్గర ల్యాంపు రూములో చేరాను. గనిలోకి దిగేవాళ్లకు దీపమిచ్చి, వాళ్ల నంబరు బిళ్లను కొక్కేనికి తగిలించాలి. వాళ్లు పైకొచ్చి దీపం అప్పగిస్తే బిళ్ల తిరిగివ్వాలి. అరల్లో వరుసగా మెరిసే ఆ దీపాల మధ్య, కాలేజీలో ఆగిపోయిన కథలు మళ్లీ కదిలాయి.

ఆ మధ్యాహ్నం, గనిలో దారి తప్పిన మనిషి కథ రాస్తున్నాను. చేతులు దీపాలు అందుకుంటున్నాయి గానీ, మనసు భూమి లోపలెక్కడో తిరుగుతోంది. షిఫ్టు ముగిశాక తలెత్తితే, కొక్కేనికి ఒక బిళ్ల మిగిలే ఉంది. బాపుతో కలిసి పనిచేసిన రాజయ్య కాకాది!

నా కేకకు అందరూ ఉరికొచ్చారు. నలుగురు మళ్లీ గనిలోకి దిగబోతుండగా కబురు విని రాజయ్య కాకా ఇంటి నుంచి తడి తలతో పరుగెత్తుకొచ్చాడు. చూస్తే ఆయన దీపం అరలోనే ఉంది. బిళ్ల ఇవ్వడం నేనే మరిచాను.

"బిళ్ల అడగొద్దా కాకా?" అన్నాను ఏడుస్తూ.

"రాసుకుంట ఏడనో ఉన్నవ్. ఎందుకు కదుపుడని ఊకున్న బిడ్డా. గంతగనం ఏం రాస్తున్నవ్?"

సిగ్గుపడుతూ చెప్పాను.

"నేనైతే పైకొచ్చిన. గా కథల ఉన్నోన్ని గూడ జర పైకి తీస్కరా."

ఆ రోజు నుంచి డ్యూటీలో పెన్ను ముట్టలేదు. ఇంట్లోనే ఆ కథ పూర్తిచేశాను. చివరి వాక్యంలో ఆ మనిషి బిళ్ల అతని చేతిలో పెట్టాను.