మానిటర్ ఆపి కొట్టిన పేజీ

దయ్యం, గాలి, ధూళి అనే మాటలు ఎవరి నోట విన్నా ముందు నవ్వేది నేనే. హాస్టల్లో అమ్మాయిలు దుప్పట్లు కప్పుకుని అలాంటి కథలు చెప్పుకుంటుంటే "మీకు రేపు క్లాసు లేదా" అని లైటు ఆర్పేసేదాన్ని. ఇప్పటికీ నా మెడలో తాయెత్తు లేదు, చేతికి దారం లేదు. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి నన్ను అలాంటి మనిషి కింద జమ కట్టకూడదని. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఆ తర్వాత మీ ఇష్టం.

మాది మైదుకూరు దాటాక రోడ్డుకు కాస్త లోపలికి ఉండే ఊరు. నేతపని వాళ్లం. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఒక్కతే మగ్గం నేసి నన్ను కడపలో డిగ్రీలో చేర్పించింది. మా ఇల్లు పాతకాలపు మట్టి మిద్దె. పైన దూలాలు, వాటి మీద చవుడు మట్టి. మగ్గం ఉన్న గదిలో ఒక దూలం పగిలి చాలాకాలమైంది. దాని కింద వేపమొద్దు ఒకటి ఊతంగా నిలబెట్టుకుని, ఆ మొద్దు పక్కనే మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని అమ్మ పొద్దున్నుంచి చీకటి పడేదాకా నేసేది. వాన పడిందంటే చాలు, కడపలో నాకు అన్నం దిగేది కాదు.

నా లెక్క ఒక్కటే. డిగ్రీతో పాటు కంప్యూటర్ వస్తే ఏదో ఒక ఆఫీసులో డేటా ఎంట్రీ పని దొరుకుతుంది. అమ్మను ఆ దూలం కింది నుంచి లేపుకుని వచ్చేయొచ్చు. అంతకు మించి పెద్ద కలలేమీ లేవు నాకు.

అందుకే మొదటి సంవత్సరంలో కంప్యూటర్ బేసిక్స్ అని ఒక పేపరు ఉందంటే ఎగిరి గంతేశాను. ఆ సంబరం ఒక్క పూటే. మౌసు జరుపుతూ జరుపుతూ బల్ల అంచుదాకా తీసుకెళ్లి, ఇక చోటు లేదని చేతులు కట్టుకుని కూర్చున్నాను. పక్క సీటు నసీమా చూసి చూసి, "ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవే, అదేం బల్లకు అతుక్కోలేదు" అంది. నసీమా కడప పిల్ల, ఇంట్లో లాప్‌టాప్ ఉంది. ఫోల్డరంటే ఏమిటో, ఫైలును సేవ్ చేయడం ఎందుకో, పొరపాటున చెరిపేసింది మళ్లీ ఎలా తెచ్చుకోవాలో, సగం చదువు ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్నాను.

టైపింగు మొదలయ్యాక నా అసలు రోగం బయటపడింది. మగ్గం మీద చేతులొక్కటే ఆడవు. చేయి పేక దారం మోసే నాడె విసరాలంటే కాలు తొక్కుడు కర్ర తొక్కాలి. చిన్నప్పటి నుంచీ బడి నుంచి రాగానే అమ్మకు సాయంగా గుంతలో దిగినదాన్ని. నా చేతులు కదిలితే కాళ్లు ఊరుకోవు. కీబోర్డు మీద వేళ్లు పడుతుంటే బల్ల కింద కాళ్లు ఒకటి తర్వాత ఒకటి తొక్కుతూనే ఉండేవి. ఒకరోజు ఆ తొక్కుడులో కింద ఉన్న ప్లగ్గు బోర్డు స్విచ్చి మీద కాలు పడింది. మా వరుసలో కంప్యూటర్లన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. ఎవరూ సేవ్ చేసుకోలేదు.

మా సార్‌ది ఆదోని వైపు. మంచివాడు, కానీ నోరు ఊరుకోదు. బల్ల కిందికి వంగి చూసి, "ఏమమ్మా, ఈడ మగ్గం నేస్తాండావా? శానా బాగుండాది. ఇంగ కాలేజీకంతా కరెంటు నువ్వే తీసేట్లుండావు" అన్నాడు. ల్యాబంతా గొల్లుమంది. కాళ్లు పైకి మడుచుకుని కొట్టి చూశాను, వేళ్లు ముందుకు పోలేదు. చివరికి సారే ప్లగ్గు బోర్డును గోడకు కొట్టించి, "తొక్కుకో తల్లీ" అని దండం పెట్టాడు.

ఆయనదొక పద్ధతి ఉండేది. వేళ్లను చూస్తే టైపింగు రాదు, తెరను చూసినా రాదు, కళ్లు కాగితం మీదే ఉండాలి అనేవాడు. అందుకని మానిటర్లు ఆపించేవాడు. నల్లటి తెర ముందు కూర్చుని, పక్కన పెట్టిన కాగితం చూస్తూ పేజీ అంతా కొట్టాలి. అయ్యాక మానిటర్ వేసుకుని తప్పులు లెక్కపెట్టుకోవాలి. మొదట్లో నా పేజీ చూస్తే కోడి కెలికినట్టు ఉండేది. నెమ్మదిగా దారిలో పడ్డాను గానీ, ఒక్క తప్పయినా లేకుండా ఒక్క లైను కొట్టిన పాపాన పోలేదు. ప్రాక్టికల్ పరీక్ష కూడా ఇదే పద్ధతి అని ముందే చెప్పాడు.

పరీక్ష ముందురోజు సాయంత్రం నుంచి తుఫాను వాన పట్టుకుంది. అమ్మకు ఫోన్ చేశాను. ఊళ్లో కరెంటు పోయిందట, ఫోన్లో చార్జింగు కూడా అడుగంటిందట. ఆ గదిలో కూర్చోవద్దు, వాన తగ్గేదాకా పక్కింటి ఓబులమ్మ పిన్ని దగ్గర ఉండమని బతిమాలాను. "వానకు భయపడేటోళ్లమైతే ఈ మిద్దెలో ఇన్నేండ్లు ఉంటిమా? చీర రేపటికి దించల్ల. పొద్దున పరీక్ష ఉండాది గదా, పండుకో పో" అంది. ఇంకా ఏదో అంటుండగా ఫోన్ ఆగిపోయింది.

మరునాడు పరీక్షకు నసీమా పక్కనే కూర్చున్నాను. కంప్యూటర్ వల్ల ఉపయోగాలు అని ఇంగ్లీషులో ఒక పేజీ ఇచ్చారు. మానిటర్లు ఆపాం. సార్ మొదలుపెట్టమన్నాడు. కాగితం మీద కళ్లు పెట్టి కొట్టడం మొదలుపెట్టాను. బయట వాన చప్పుడు వినిపిస్తూనే ఉంది. మనసు ఊళ్లో ఉంది, ఒప్పుకుంటాను. కానీ కళ్లు కాగితం మీదే ఉన్నాయి. ఏ వాక్యం తర్వాత ఏ వాక్యం వచ్చిందో ఇప్పటికీ చెప్పగలను.

మూడు నాలుగు లైన్లు అయ్యేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. నేను ఆపలేదు. తిమ్మిరి కూడా కాదు. తొక్కాలని చూశాను, కిందికి దిగలేదు, అంతే. కాళ్లు ఆగితే చేతులు కూడా ఆగాలి, అది నా ఒంటి అలవాటు. ఆ రోజు చేతులు ఆగలేదు. ఎప్పుడూ లేనంత వేగంగా, ఎక్కడా తడబడకుండా పోతున్నాయి. గండం గట్టెక్కినట్టే అని లోపల సంతోషపడ్డాను కూడా. చివరి వాక్యం దాకా కొట్టి మానిటర్ వేశాను.

తెర మీద పరీక్ష పేజీ లేదు. మొదటి మూడు నాలుగు లైన్లు మాత్రం ఇచ్చిన ఇంగ్లీషు పాఠం. ఆ తర్వాత, మనం ఫోన్లో మెసేజ్ పెట్టుకునేటట్టు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. అమ్మా బయటికి రా. అమ్మా బయటికి రా. అమ్మా బయటికి రా. పేజీ చివరిదాకా అదే. వెతికి చూసినా ఒక్క తప్పు లేదు.

నసీమా తొంగిచూసి, "ఇదేం కొట్టినావే? నేను పక్కనుంచి చూస్తానే ఉండా, కాగితం చూసే కొడతాంటివి గదా" అంది. సార్ వచ్చాడు. ముందు కోపంగా ఏదో అనబోయి, తెర మీదికి వంగి చదవసాగాడు. నేను ఫోన్ కోసం బయటికి పరుగెత్తాను. అమ్మ ఫోన్ స్విచాఫ్. మళ్లీ చేశాను, మళ్లీ అదే. పరీక్ష, మార్కులు ఏవీ గుర్తు రాలేదు. నసీమా నా చేతిలో సంచి పెట్టి వెళ్లమంది. మైదుకూరు బస్సు ఎక్కేశాను.

చెన్నూరు దగ్గర పెన్న ఎర్రగా పారుతోంది. బస్సులో అందరూ కిటికీల్లోంచి నీళ్లు చూసి మురిసిపోతున్నారు. నాకు ఏడుపు ఆగడం లేదు. పక్కనున్న పెద్దాయన "ఏమైందమ్మా" అని అడిగితే ఏం చెప్పాలి? కంప్యూటర్లో ఏదో కొట్టానని ఏడుస్తున్నానంటే పిచ్చిది అనుకుంటాడు. కడుపునొప్పి అన్నాను.

మైదుకూరులో ఆటో పట్టుకుని ఊరు చేరేసరికి మా వీధి నిండా జనం. మగ్గం గది లేదు. దూలాలు, మట్టి, తడిసిన పడుగు దారాలు అన్నీ ఒకే కుప్ప. మగవాళ్లు పారలతో మట్టి లాగుతున్నారు. ఎవరో లోపల ఉన్నారన్నమాట. అమ్మ పోయిందనే అనుకున్నాను.

అప్పుడు ఆ కుప్ప మీద అమ్మ కనిపించింది. కొంగు నడుముకు చెక్కుకుని, పార కూడా లేకుండా రెండు చేతులతో మట్టి తోడుతోంది. వేళ్ల నుంచి రక్తం కారుతోంది. ఎవరి కోసం తవ్వుతోందో నాకు అర్థం కాలేదు. ఇంట్లో ఉండేది మేమిద్దరమే.

ముందు నన్ను చూసింది ఓబులమ్మ పిన్ని. "లచ్చిందేవీ, ఆపు! నీ బిడ్డ ఈడుండాది, చూడు!" అని అరిచింది.

అమ్మ తల ఎత్తి నన్ను చూసింది. పరుగెత్తుకుంటూ వచ్చి చెంప మీద ఒక్కటి కొట్టింది. ఆ వెంటనే గట్టిగా పట్టుకుని ఏడ్చింది. "యాడికి పోతివే? వాకిట్లో నిలబడి పిలిచి యాడికి పోతివి?" అని అదే మాట మళ్లీ మళ్లీ అడిగింది.

తర్వాత నిదానంగా చెప్పింది. నేస్తుంటే ఉన్నట్టుండి తొక్కుడు కర్ర కిందికి దిగలేదట. ఎందుకా అని గుంతలోకి వంగి చూస్తుంటే వాకిట్లోంచి నా గొంతు. అమ్మా బయటికి రా, అని. ఒకసారి కాదు, ఆపకుండా. లేచి వచ్చి చూస్తే వాకిట్లో ఎవరూ లేరు. వీధి చివరిదాకా వెళ్లి చూసింది. వెనకనుంచి పెద్ద చప్పుడు. తిరిగి చూస్తే గది లేదు. నేను పెరటి దారిన ఇంట్లోకి వెళ్లి ఉంటానని, మట్టి కింద నేనే ఉన్నానని అనుకుంది. అప్పటి నుంచీ తవ్వుతూనే ఉందట. ఊరంతా నా కోసమే తవ్వుతోంది.

నేను మొండిదాన్ని. అంత తేలిగ్గా నమ్మలేదు. ఓబులమ్మ పిన్నిని అడిగాను. ఆమెకు నా గొంతు వినిపించలేదు. కానీ అమ్మ నన్ను పేరు పెట్టి తిడుతూ వాకిట్లోకి రావడం, ఆ తర్వాత గది కూలడం కళ్లారా చూసింది. అప్పుడే బడిలో పిల్లలకు అన్నం బెల్లు కొట్టారంది. మా పరీక్ష అయిపోయింది కూడా సరిగ్గా ఆ వేళకే. తొక్కుడు కర్ర ఎందుకు ఆగిందో నేనే కారణం చెప్పగలను. పైన దూలం కుంగి మగ్గం చట్రాన్ని నొక్కేసి ఉంటుంది, కర్ర బిగుసుకుపోయి ఉంటుంది. మరి కడపలో నా కాళ్లు ఎందుకు ఆగాయి? అక్కడ ఏ దూలమూ కుంగలేదు.

దిగులుతో అలా కొట్టి ఉంటావు అన్నాడు సార్. కావచ్చు, నా చేతుల సంగతి దిగులు మీదికి నెట్టేయొచ్చు. అమ్మ చెవుల సంగతేమిటి అంటే ఆయన పరీక్షల రిజిస్టరు తెరిచాడు. నాకు మళ్లీ పరీక్ష పెట్టించాడు. ఆ రోజు మానిటర్ ఆపమని నాకు మాత్రం చెప్పలేదు. నేను ఆపలేదు.

ఇప్పుడు కడపలోనే ఒక ఆఫీసులో రోజంతా టైపు కొట్టే పని. అమ్మ నా దగ్గరే ఉంటోంది. చేతికి పని లేదని రోజూ సణుగుతుంది, వాన వచ్చినా సరే ఇంట్లో హాయిగా పడుకుంటుంది. ఆ సంగతి మేము పెద్దగా మాట్లాడుకోం. మొన్న మాత్రం వాన పడుతుంటే ఉండబట్టలేక అడిగేశాను. ఆ రోజు నేను పిలిస్తే అంత తొందరగా ఎలా లేచావమ్మా, మగ్గం మీద చీర ఉంటే నువ్వు ఎవరు పిలిచినా లేవవు కదా, అన్నాను.

అమ్మ నా వైపు వింతగా చూసింది. "పరీక్ష ఎగ్గొట్టి వచ్చినావని ఒళ్లు మండి లేసినా. నాలుగు తగిలిద్దామని. నువ్వు కడపలో కుచ్చోని పరీక్ష రాస్తాండావని తెలిసింటే నేనెందుకు లేస్తా? ఆ కర్ర సరిచేసుకోని నేసుకుంటా ఉంటి" అంది.

మరి కడపలో కూర్చుని పరీక్ష రాస్తున్న నేను వాకిట్లోకి ఎలా వచ్చానమ్మా, అని అడగబోయాను. అమ్మ అప్పటికే అటు తిరిగి పడుకుంది.