అవ్వ మోకరించిన బండ

నాపరాయి మీద నీళ్లు పడితే ఒక వాసన లేస్తుంది. మొన్న డోన్ పక్కన ఉన్న మా ఇంట్లో పాత బండలు పీకించి టైల్స్ వేయిద్దామని మేస్త్రిని పిలిస్తే, దుమ్ము లేవకుండా అతను నడిమింట్లో చెంబెడు నీళ్లు చల్లాడు. ఆ వాసనకు మా అవ్వ వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయింది.

మా ఊరి చుట్టూ నాపరాళ్ల గనులే. రోడ్డు పొడవునా నిలబెట్టిన బండల నీడలో, విరిగిన రాతిముక్కలతో తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం. ఎండాకాలమైతే ఒంటికాలి మీద గెంతేది ఆట కోసమో, నేల కాలుతున్నందుకో మాకే తెలిసేది కాదు. నాయన గని నుంచి వచ్చేసరికి కనురెప్పల మీద కూడా బూడిదరంగు దుమ్ము ఉండేది. క్రిస్మస్ ముందు వారం మాత్రం ఆ దుమ్మును కూడా ఓడించి ఓళిగల బెల్లం వాసన, వేయించిన శనక్కాయల వాసన ఇల్లంతా పరుచుకునేది.

దీపాలు పెట్టే వేళకు నాయన తల్లి, మా అవ్వ, పైట తల మీదికి లాక్కుని నడిమింట్లో ఎప్పుడూ ఒకే బండ మీద మోకరించేది. వీధిలో అందరూ వాన అడిగేవాళ్లు, కొడుకును అడిగేవాళ్లు, ఉద్యోగం అడిగేవాళ్లు. అవ్వ ప్రార్థన ఇంతే: "తండ్రీ, నా లోపల బలం ఇయ్యి. నువ్వు మమ్మల్ని ఎంత ప్రేమిస్తాండావో ఇంగ కొంచిం తెలియజెయ్యి." చివర ఆమెన్ అనడం నా వంతు. నేను అనేదాకా ఆమె కళ్లు తెరిచేది కాదు.

"ఎన్నేండ్ల నుంచి అడుగుతాండావవ్వా, ఇంగా ఇయ్యలేదా?" అని ఒకసారి ఎగతాళి చేశాను.

"ఇచ్చినాడు. సాల్లేదు," అంది.

నేను ఐదో తరగతిలో ఉండగా గనిలో బండ విరిగి నాయన మీద పడింది. నాయన పోయాడు. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. నేను ఆమెన్ అనడం మానేశాను. దేవుడి మీద నాకు అంత కోపం. సాయంత్రం అవ్వ ప్రార్థన ముగించి ఆగేది. నేను పళ్లు బిగించి కూర్చునేదాన్ని. చాలాసేపు ఎదురుచూసి, తనే కళ్లు తెరిచి, లేచి నా పళ్లెంలో సంగటి ముద్ద, దాని పక్కన ఊరుబిండి పచ్చడి పెట్టేది. ఒక్కసారి తిట్టి ఉన్నా నాకు సులువుగా ఉండేది.

కొన్నాళ్లకు చర్చివాళ్లు మమ్మల్ని ఓదార్చడానికి మా ఇంట్లో ఆదరణ కూడిక పెట్టారు. ఇల్లు నిండా జనం. చర్చి అయ్యగారు మంచివాడే, అందరూ చెప్పే మాటే చెప్పాడు: "దేవునికి ఇష్టమై పిలుచుకున్నాడమ్మా. ఎందుకని అడగకూడదు."

ఆయన ముందు ఏనాడూ నోరెత్తని అవ్వ లేచి నిలబడింది.

"ఆ మాట అనాకండి అయ్యగారూ. నా కొడుకును సంపింది రాయి. బండ నెర్రె ఇచ్చిందని వాడు చెప్పినా గనిలోకి దింపినారు. ఆ పాపం తెచ్చి నా దేవుని మీదికి తోయాకండి. ఆయన నాతోపాటు ఏడ్సినాడు."

అవ్వ అయ్యగారి వైపు చూడకుండా తన బండ మీద మోకరించింది.

"తండ్రీ, వాన్ని తిరిగియ్యమని అడగను. ఈ బరువు మోసేకి బలం ఇయ్యి. నీ ప్రేమ యాడిదాకా ఉండాదో ఈ పిల్లకు చూపియ్యి. నాకొక్కదానికే శాతకాదు."

రోజూలాగే ఆగింది. నేను ఆమెన్ అని అరిచాను. కోపం పోయి కాదు. అంతమందిలో దేవుడి తరఫున మాట్లాడింది అవ్వ ఒక్కతే, ఆమెను ఒంటరిగా వదలడం నా వల్ల కాలేదు. ఆ రోజు ఆమె ముఖంలో చూసిందాన్ని మించిన ప్రేమ ఎవరైనా చూపించగలరంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను.

ఇప్పుడు ఆ గనుల్లో సగం నీళ్లు నిండిన గుంతలు. బండలు నిలబెట్టిన చోట టైల్స్ దుకాణాలు. తొక్కుడుబిళ్ల ఆడే పిల్లలు లేరు, అమ్మా లేదు, అవ్వా లేదు.

"అక్కా, ఈ బండ శానా అరిగిపోయిండాది. ముందు దీన్నే పీకుతా," అన్నాడు మేస్త్రి.

"ఇల్లంతా పీకు. ఈ బండ ఈడ్నే ఉంటాది."

"చూసేకి బాగుండదక్కా."

"బాగుండకపోతే పోనీ."

అతను చూస్తుండగానే ఆ బండ మీద మోకరించాను. అవ్వ అడిగిందే అడిగాను. చివర అలవాటుకొద్దీ ఆగాను. ఆమెన్ అనేవాళ్లు ఇంట్లో ఎవరూ లేరు. నేనే అన్నాను, మేస్త్రి సుత్తి ఆపి చూసేంత గట్టిగా.