తాళం వేసిన సైకిలు

నేను సైకిలు మీద నుంచి ఒక్కసారి కూడా పడలేదు. ఈ మాట ముందే చెప్పి మొదలుపెడతాను. ఎందుకంటే ఆ ఏడాది గాజువాకలో సగం మంది నేను పడడం కళ్ళారా చూశామని చెప్పుకున్నారు.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. నేను కూర్మన్నపాలెంలో ఒక చిన్న బడిలో టీచరుని. ఇల్లు గాజువాకలో. మధ్యలో ఉన్న ఆ కాస్త దూరం బస్సులో వెళ్ళాలంటే పనికెళ్ళే జనం ఫుట్‌బోర్డు దాకా వేలాడుతూ ఉండేవాళ్ళు. ఎక్కితే ఇస్త్రీ చీర ముద్దయిపోయేది, ఎక్కకపోతే బడికి ఆలస్యం. హెడ్‌మిస్ట్రెస్ రెండుసార్లు మర్యాదగానూ మూడోసారి మర్యాద లేకుండానూ హెచ్చరించాక, లేడీస్ సైకిలు కొనుక్కున్నాను. ఆకుపచ్చది. కొత్త సైకిలుకి కడ్డీల చుట్టూ కాగితం చుట్టి ఇస్తారే, అది చిరిగి వేలాడుతున్నా పీకడానికి నాకు మనసొప్పలేదు. చర్చి ఆవరణలో నెల రోజులు నేర్చుకుని రోడ్డెక్కాను. మా పేటలో అప్పటికి సైకిలు తొక్కే ఆడమనిషి ఇంకొకరు లేరు. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాన్న వద్దనలేదు, సరేననీ అనలేదు. "సూద్దాం" అన్నాడు.

ఆ చూడడమేదో మూడు నెలల్లోనే వచ్చింది. ఒకరోజు పొద్దున్న బడికి సుద్దముక్కలు కావాలని కూర్మన్నపాలెం జంక్షన్లో పుస్తకాల షాపు ముందు ఆగాను. సైకిలు స్టాండు వేసి, వెనక చక్రానికి తాళం వేసి, లోపలికి వెళ్ళాను. పక్కన టీ బడ్డీ. దాని ముందు ఒక కంట్రాక్టరు గారి లారీ, నిండా రాళ్ళతో ఆగి ఉంది. లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనరు కిందికి దిగి, వెనకాల నిలబడి, బాడీ మీద చేత్తో కొడుతూ "రానీ... రానీ..." అని అరవాలి. అది వాళ్ళ పద్ధతి. ఆ రోజు క్లీనరు చేతిలో టీ గ్లాసుంది. నేను సుద్దముక్కల పెట్టె పట్టుకుని బయటికొచ్చేసరికి నా సైకిలు వెనక సగం లారీ కింద ఉంది. చక్రం అప్పడంలా మడతపడిపోయింది.

డ్రైవరు దిగుతూనే అరిచాడు.

"కళ్ళు కనబడవేటి టీచరమ్మా? ఆగున్న లారీనొచ్చి గుద్దీసినావు!"

అరవైమంది పిల్లల్ని ఒక్క చూపుతో నోరు మూయించేదాన్ని. ఆ క్షణంలో నాకే నోరు పెగల్లేదు. సుద్దముక్కల పెట్టె గుండెలకి హత్తుకుని అలా నిలబడిపోయాను. నా గొంతు నాకు దొరికేలోగా డ్రైవరు కథ పూర్తయిపోయింది. నేను తొక్కుకుంటూ వచ్చి, బ్రేకు పట్టడం రాక, సైకిలు వదిలేసి దూకేశానట. టీ బడ్డీవాడు రోజూ లారీవాళ్ళకి టీ పోసి బతికేవాడు కనక తల తిప్పుకున్నాడు. పుస్తకాల షాపాయన "నాను లోపలున్నాను, నాకేటీ తెల్దు" అన్నాడు. ఆయన లోపల నాకే కదా సుద్దముక్కలు అమ్ముతున్నాడు! ఆ మాట అనాలని మర్నాటికి గానీ నాకు తట్టలేదు.

కథ నాకన్నా ముందే ఇల్లు చేరింది. సాయంత్రానికి ఆ కథలో నేను రెండు చేతులూ వదిలేసి తొక్కాను. మర్నాటికి లారీ కూడా నడుస్తోంది. ఆదివారం చర్చిలో నన్ను లారీ చక్రాల కింద నుంచి కాపాడినందుకు దేవుడికి స్తోత్రాలు చెల్లించారు. అందరూ కళ్ళు మూసుకుని ఆమెన్ అంటుంటే నేను పళ్ళు కొరుక్కున్నాను.

నాన్న పోర్టులో క్రేను ఆపరేటరు. మితభాషి. ఆయన ఎదుట నిలబడి, "నాన్నా, నేనసలు సైకిలు మీదే లేను, షాపులో ఉన్నాను" అని చెప్పాను.

"అయితే అంతమందీ అబద్దాలు సెప్తన్నారా?" అన్నాడు. "నాను పొద్దల్లా క్రేనులో కూసుంటాను. కిందనున్నోడు సెయ్యూపితే తప్ప అంగుళం కదపను. నువ్వు సూసుకోకుండా లారీ మీదకెల్లిపోతావా?"

ఆ మాట నాకు బాగా గుచ్చుకుంది. ఊరంతా నమ్మకపోతే ఒళ్ళు మండింది గానీ, నాన్న నమ్మకపోతే ఏడుపొచ్చింది. ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. "ఆళ్ళ సేత తప్పు ఒప్పించు. అప్పుడెక్కు సైకిలు. అందాకా బస్సే."

అదీ సంగతి. చక్రం ఎవరు బాగుచేయిస్తారన్నది కాదు నా గొడవ. కంట్రాక్టరు మనుషులు తప్పు ఒప్పుకోకపోతే నేను ఇంక జన్మలో సైకిలెక్కను. తప్పు నాదేనని ఊరు ఒప్పేసుకుంటుంది. ఇంకే ఆడపిల్లయినా సైకిలు పేరెత్తితే నన్ను చూపిస్తారు.

కంట్రాక్టరు ఆఫీసంటే జంక్షన్ దాటాక ఒక రేకుల షెడ్డు. అర్జీ రాసుకుని ఒక్కదాన్నే వెళ్ళాను. మేనేజరు వేరే జిల్లా మనిషి, మాట మెత్తన. కుర్చీ వేయించాడు. అర్జీ చదివి నవ్వాడు. "మా లారీ ఆగి ఉందమ్మా. మీరే వచ్చి గుద్దారు. మా వెనక దీపం పగిలింది. అది మిమ్మల్ని అడగడం లేదు చూడండి, అదే మా మంచితనం" అన్నాడు. ఆడపిల్లనని జాలిపడి రిక్షా ఖర్చులు ఇప్పిస్తానన్నాడు. ఆ జాలి మీ దగ్గరే ఉంచుకోండని లేచి వచ్చేశాను. రెండోసారి వెళ్తే గంటసేపు కూర్చోబెట్టి రేపు రమ్మన్నారు. మూడోసారి, మేనేజరుగారు సైటుకెళ్ళారని గుమాస్తా చెప్పాడు. ఆయన చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి, సిగరెట్టు పొగ కిటికీలోంచి వస్తోంది. చెప్పుల్లేకుండా సైటుకెళ్ళారా అని అడిగి, వెనక్కి తిరిగాను.

మూడు వారాలు సైకిలు పెరట్లో గోనెపట్టా కింద పడుంది. నాన్నే కప్పాడు. నాకు ఆశ అడుగంటింది. కనీసం బాగుచేయించి ఎవరికైనా అమ్మేద్దామని, రిక్షాలో వేసుకుని మా వీధి చివర సైకిలు షాపుకి తీసుకెళ్ళాను. ఆ షాపాయన సముద్రం మీద వేట మానేసి సైకిళ్ళు పట్టుకున్న మనిషి. నాన్నా ఆయనా బావా బావా అనుకునేవాళ్ళు. అందుకని నాకు మావయ్య.

ఆయన సైకిలు తలకిందులుగా నిలబెట్టి, నలిగిన మడ్‌గార్డుని పైకి వంచి, చక్రంలోకి తొంగిచూశాడు. తలెత్తకుండానే చెయ్యి చాపాడు.

"తాళంసెవి ఇలాగియ్యి అమ్మీ."

"దేనికి మావయ్యా?"

"తాళం తియ్యకుండా సక్రం ఎలాగూడదీత్తాననుకున్నావు?"

పర్సు తెరిచాను. సుద్దపొడి మధ్యలో అడుగున ఉంది తాళంచెవి. తీసి ఆయన చేతిలో పెట్టబోయాను. పెట్టేశాననే అనుకోండి, ఇంకా వేలెడు దూరం ఉంది. గబుక్కున పిడికిలి బిగించాను.

"మావయ్యా, ముట్టుకోకు!"

చక్రం తిరగడం లేదని మాకందరికీ తెలుసు. వంకరపోయింది కాబట్టి తిరగడం లేదనుకున్నాం. నలిగిన మడ్‌గార్డు కింద, చక్రం పుల్లల మధ్యలో, తాళం కడ్డీ దూరి ఉన్న సంగతి ఎవరూ చూడలేదు. వేసిన నాకే గుర్తు లేదు. రోజూ వేసే తాళం వేశామని ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

మావయ్య ఒక్క క్షణం నా పిడికిలి వంకా తాళం వంకా చూశాడు. తర్వాత నవ్వు మొదలుపెట్టాడు. "తాళమేసున్న సైకిలు ఎల్లి లారీని గుద్దీసిందా! ఓలమ్మో!" అంటూ పనిముట్లు వదిలేసి మా ఇంటికి పరిగెత్తి, డ్యూటీ దిగి అన్నం తింటున్న నాన్నని ఎంగిలి చేత్తోనే లాక్కొచ్చాడు.

"నీ కూతురు సూసుకోకుండా తొక్కీసిందన్నావు కదా బావా. ఏదీ, నువ్వొకపాలి తొక్కి సూపించు."

నాన్న గొంతుక్కూర్చుని చాలాసేపు ఆ కడ్డీనే చూశాడు. వేలితో తడిమాడు. నా వైపు మాత్రం చూడలేదు. లేచి, "రేపు నాను సెలవెడతాను" అన్నాడు.

మర్నాడు సైకిలు బస్సు టాపు మీద కట్టించుకుని ముగ్గురం వెళ్ళాం. మావయ్య దాన్ని భుజాన వేసుకుని తిన్నగా మేనేజరు బల్ల ముందు దింపాడు. ఈసారి ఆయన సైటుకి వెళ్ళలేకపోయాడు, గుమ్మంలో నాన్న నిలబడ్డాడు.

నేను తాళం చూపించాను. ఈ రకం తాళం వేస్తేనే చెవి బయటికొస్తుందనీ, చెవి నా దగ్గరుందనీ చెప్పాను. నా గొంతు ఆ రోజు చక్కగా పలికింది.

మేనేజరు ముఖం కాస్త మారింది గానీ తడుముకోలేదు. "గుద్దాక వేసుంటారు" అన్నాడు.

అప్పుడు నాన్న అన్నాడు: "తియ్యమ్మా. తీసి, మళ్ళీ ఆయన్నే ఎయ్యమను."

తీశాక తాళం మళ్ళీ పడిపోతే నా చేతిలో ఇంక ఏమీ మిగలదు. నాన్న వంక చూశాను. ఆయన తల ఊపాడు. చెవి పెట్టి తిప్పితే బిగుసుకుపోయి ఉంది. మావయ్య రెండు చుక్కలు నూనె వేశాడు. టక్కుమని కడ్డీ వెనక్కి వెళ్ళింది. వెళ్ళగానే వంగిన పుల్లలు రెండు ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నాయి. మేనేజరు వంగి బొటనవేలితో నొక్కాడు. పడలేదు. గుమాస్తా నొక్కాడు. పడలేదు. అప్పటికి డ్రైవర్లూ క్లీనర్లూ చుట్టూ మూగారు.

"పోనీ సుత్తిమ్మంటారేటి?" అన్నాడు మావయ్య వినయంగా.

నాన్న గుంపులో ఆ క్లీనరుని వెతికి పట్టుకున్నాడు. "బండి ఎనక్కి తీసినప్పుడు నువ్వెక్కడున్నావు బాబూ?"

వాడు నేల చూపులు చూశాడు. "టీ తాగతన్నాను."

నాన్న మేనేజరు వైపు తిరిగాడు. నలుగురి ముందు ఆయన అన్ని మాటలు మాట్లాడడం నేను అదే మొదటిసారి వినడం. "మా అమ్మాయి నాతో నిజవే సెప్పింది. నానే నమ్మలేదు. అది నా తప్పు. ఇప్పుడు మీ తప్పేటో మీరు సెప్పండి."

నాకు కళ్ళు నిండిపోయాయి. ఇంక సైకిలు రాకపోయినా ఫరవాలేదనిపించింది. అలా అనిపించింది ఒక్క నిమిషమే. మేనేజరు సొరుగు తెరిచి నోట్లు తీయబోతుంటే తేరుకున్నాను.

"డబ్బులొద్దు. నా సైకిలు నాకు ఎలా ఉండేదో అలా కావాలి. చక్రం, స్టాండు, మడ్‌గార్డు, కాగితంతో సహా. తప్పు మీదని రాసివ్వండి. ఆ లారీలోనే తెచ్చి బడి దగ్గర దింపండి."

రాసిచ్చాడు. మానవతా దృష్టితో బాగుచేయిస్తున్నాం అని రాశాడు. దిద్దడం నాకు అలవాటే కాబట్టి ఆ ముక్క ఎర్రసిరాతో కొట్టేసి, లారీ వెనక్కి వస్తూ గుద్దినందువల్ల అని మళ్ళీ రాయించాను.

వారానికి లారీ వచ్చింది. బడి గేటులోకి వెనక్కి వస్తుంటే అదే క్లీనరు వెనకాల నడుస్తూ, బాడీ అదిరిపోయేలా కొడుతూ, "రానీ... రానీ..." అని గొంతు చించుకున్నాడు. పిల్లలందరూ గోడెక్కారు. డ్రైవరు స్వయంగా సైకిలు దింపి, "సూసుకోలేదు టీచరమ్మా" అన్నాడు. నా కడుపు నిండిపోయింది. మా హెడ్‌మిస్ట్రెస్ ఆ రోజు ఎవరినీ ఆలస్యానికి ఏమీ అనలేదు.

ఆదివారం పొద్దున్న చర్చికి బయల్దేరుతున్నాం. నాన్న తెల్లచొక్కా వేసుకుని, బైబిలు చంకలో పెట్టుకుని వచ్చి, నా సైకిలు వెనక క్యారేజి మీద ఒకపక్కగా కూర్చున్నాడు.

"పోనీ" అన్నాడు.

నాన్న మంచి బరువు మనిషి. చర్చికి ముందు చిన్న ఎత్తు కూడా ఉంది. ఆయాసపడుతూనే తొక్కాను, దిగి నడవలేదు. షాపు దగ్గర మావయ్య, "ఏం బావా, బస్సు దొరకలేదేటి?" అని అరిచాడు. "దొరికింది, ఎక్కలేదు" అన్నాడు నాన్న.

మెట్ల మీద అందరూ ఉన్నారు. నాకోసం స్తోత్రాలు చెల్లించినవాళ్ళూ, నేను పడుతుంటే చూసినవాళ్ళూ. నాన్న దిగి, చొక్కా సవరించుకుని, క్రేను మీద నుంచి కిందివాళ్ళని కేకేసే గొంతుతో అన్నాడు:

"అమ్మా, తాళమెయ్యడం మరిసిపోకు!"

వేశాను. చెవి పైకెత్తి, అందరికీ కనబడ్డాకనే పర్సులో వేసుకున్నాను.