ఎండిన కొమ్ము జవాబిస్తది

మొన్న మంగళవారం పొద్దున మా మేనత్త పోయింది. వేల్పూర్ నుంచి మామ ఫోన్ చేసి, "మీ అత్త లేదు బిడ్డా" అని పెట్టేశాడు. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టి వెన్నెముకకు పాకిందని వచ్చినవాళ్లంతా చెప్పుకున్నారు. అది నిజమే. కానీ అంతకుముందు జరిగింది మింగేసి ఆమెను తలచుకోవడం నా వల్ల కాదు. ఏడుపు కన్నా కోపమే ముందు వస్తోంది.

మా దిక్కు పసుపు ఎండిందో లేదో కొమ్ము విరిచి చూస్తారు. మా అత్త కల్లంలో నడుస్తూ నడుస్తూనే వంగి ఒక కొమ్ము తీసి, బొటనవేలు ఆనించి టక్కున విరిచేది. "తడి కొమ్ము వంగుతది, ఎండిన కొమ్ము జవాబిస్తది" అనేది. ఆమె సరే అన్నాకే మామ సంచులకెత్తించి ఆర్మూర్ మార్కెట్టుకు తోలేవాడు.

రొమ్ము తీసేసినప్పుడు ఆమె ఏడవలేదు. "పిల్లలకు పాలిచ్చుడు ఎప్పుడో అయిపాయె, పోతే పోనీ" అంది. జుట్టు రాలితే తన గుండును తానే వెక్కిరించుకుని మనవలను నవ్వించింది. క్యాన్సర్ మళ్లీ రాకుండా రోజూ ఒక హార్మోను గోలి ఏళ్ల తరబడి వేసుకొమ్మన్నారు. గండం గడిచిందనుకున్నాం.

కొన్ని నెలలకే ఆమె వేళ్లు పొద్దున లేచేసరికి కొయ్యబారి ఉండేవి. బొటనవేలు వంగితే వంగినట్టే ఇరుక్కుపోయేది, రెండో చేత్తో లాగితే గాని తెరుచుకునేది కాదు. జొన్నరొట్టె తట్టలేకపోయింది. చేతులు ఊని లేవబోతే మణికట్లు గుంజేవి. "నా ఏళ్లు ఎండిన కొమ్ములైనయి బిడ్డా. వంచితే ఇరుగుతయేమో" అని నవ్వబోయి ఊరుకుంది.

హైదరాబాదు దవాఖానలో ఇదంతా చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. డాక్టరు తలెత్తలేదు. "ఈ వయసులో కీళ్ల నొప్పులు మామూలేనమ్మా. ప్రాణం దక్కింది, సంతోషించు" అన్నాడు. ప్రాణం దక్కినామె ఇక నొప్పి అనే మాట ఎత్తకూడదన్నమాట. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఇంటికొచ్చాక మావాళ్లకు తెలిసిన వైద్యం ఒక్కటే. పసుపు నూరి వేడిచేసి మణికట్లకు కట్టారు. పొద్దున పసుపు పాలు, రాత్రి పసుపు పాలు. పక్కింటి అక్క రోజూ వచ్చి ఓపికగా కట్టు మార్చేది. పసుపు తవ్వకాలు వచ్చేసరికి అత్త చేతులు తేలికపడ్డాయి. ఒకనాడు కల్లంలో కొమ్ము మళ్లీ టక్కుమంది. "సూసిన్రా, మన పసుపంటే ఏమనుకున్నరు" అని వాడకట్టంతా మురిసిపోయింది. అత్త ఏమీ అనలేదు. ఆ రోజు రొట్టెలు చేసి ఇంటింటికీ పంపింది.

తర్వాతి ఏడాది నడుము నొప్పి మొదలై స్కాను తీశాక క్యాన్సర్ వెన్నెముకకు పాకిందని బయటపడింది. ఆ హైదరాబాదు దవాఖానలోనే కొత్తగా వచ్చిన డాక్టరమ్మ, గోలి వేసుకుంటున్నావా అని అడిగింది.

"బంద్ జేసిన మేడం. బంద్ జేసినంకనే నా చేతులు ఆడినయి. అందరు పసుపుతోనే అనుకుంటున్నరు."

"ఆ గోలితో కీళ్లు, వేళ్ల నరాలు బిగుసుకోవడం చాలామందికి ఉంటుందమ్మా. చెప్తే కొన్నాళ్లు ఆపి వేరే గోలి ఇచ్చి చూసేవాళ్లం. ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన మేడం" అంది అత్త.

గోలి మానకపోతే బతికేదని నేను అనలేను. ఎవరూ అనలేరు. కానీ ప్రాణమా చేతులా అని ఆమె ఒక్కతే తేల్చుకోవలసి వచ్చింది. మూడో దారి ఉందని చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. అందుకు నేను ఎవరినీ క్షమించదలచుకోలేదు.

ముత్తైదువగా పోయింది కాబట్టి ఒంటికి పసుపు రాశారు. పక్కింటి అక్క చేతులకు రాస్తూ, "గీ పసుపే గదా గీ చేతుల్ని బాగుజేసింది" అని వెక్కివెక్కి ఏడ్చింది.

"పసుపు గాదక్కా. అత్త గోలి బంద్ జేసింది" అన్నాను, అందరికీ వినబడేలా.

అక్క అత్త చేతిని ఒళ్లో పెట్టుకుని అట్లాగే కూర్చుండిపోయింది. ఆ చెయ్యి పచ్చగా, మణికట్టు దాకా తడిగా ఉంది. బొటనవేలు ఎక్కడా ఇరుక్కోకుండా చక్కగా చాపుకుని ఉంది.